రెండు పళ్ల గిత్తను ఆరు పళ్ల జతతో కడితే: మా మోటార్‌సైకిల్ పోటీలకు విభాగాలు కుదిర్చిన అనుభవం

మొదటి ఏడాది ట్రాక్ అంచుల వెంట మేము రాళ్లు పేర్చాం. చీమకుర్తి పక్కనే కాబట్టి గ్రానైటు ముక్కలకు కొదవ లేదు. ట్రాక్టరు నిండా తెచ్చి, సున్నం పూసి, పది అడుగులకు ఒకటి చొప్పున పెట్టాం. ఉదయపు ఎండలో అవి తెల్లగా మెరుస్తుంటే ముచ్చటపడి ఫొటోలు కూడా తీసుకున్నాం. అందులో ఒక ఫొటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. కొత్తగా పోటీలు పెడతామని ఎవరు నా దగ్గరకు వచ్చినా ముందు అదే చూపిస్తాను. బండి మీద నుంచి పడిన మనిషి జారుకుంటూ వెళ్లి ఆగే చోటు అది. అక్కడ మేము రాళ్లు పెట్టాం.

నాకు ఒంగోలులో మోటార్‌సైకిళ్ల విడిభాగాల దుకాణం ఉంది. క్లచ్ ప్లేట్లకూ చైన్ సెట్లకూ వచ్చే కుర్రాళ్లలో సగం మందికి వేగమంటే ప్రాణం. రాత్రి పదకొండు దాటాక జాతీయ రహదారి మీద పందేలు వేసుకునేవారు. ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దాయన వచ్చి, వంకరపోయిన ముందు ఫోర్కును కౌంటరు మీద పెట్టి, "ఇది బాగవుతుందా నాయనా?" అని అడిగాడు. దాన్ని నడిపిన కొడుకు అప్పటికి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన వెళ్లిపోయాక నాకు ఆ రోజంతా వ్యాపారం మీద మనసు నిలవలేదు. రోడ్డు మీద పందెం వేయడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. ఆ సంగతి తెలియని కుర్రాడు లేడు. అయినా వెళ్తున్నాడంటే వాడికి వెళ్లడానికి వేరే చోటు లేదు. ఆ చోటు మనమే చూపిద్దామని నలుగురం అనుకున్నాం. అలా మొదలైంది మా క్లబ్బు.

చీమకుర్తి దాటి పొదిలి వైపు వెళ్లే దారిలో మాలో ఒకరి మేనమామకు ఎర్రనేల ఉంది. ఒకప్పుడు పొగాకు వేసేవారు, తరువాత బీడు పడింది. అక్కడ దాదాపు 900 మీటర్ల మట్టి ట్రాక్ గీశాం. పోలీసుల నుంచి, రెవెన్యూ వారి నుంచి తెచ్చుకోవలసిన కాగితాల గురించి ఇక్కడ రాయను. తిరగాలి, తిరిగాం, అంతే. నేను చెప్పదలచుకున్నది విభాగాల గురించి. ఎవరు ఎవరితో కలిసి పరుగెత్తాలి అన్న ఒక్క ప్రశ్న గురించి. పోటీలో మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతాయని నాకు తెలియడానికి ఒక కుర్రాడి ఎముక విరగవలసి వచ్చింది.

మొదటి ఏడాది రెండే విభాగాలు పెట్టాం. 150 సీసీ లోపు ఒకటి, ఆ పైన ఒకటి. చాలా న్యాయంగా ఉందని మా అందరి నమ్మకం. బండి ఆర్‌సీ కాగితం మీద సీసీ రాసి ఉంటుంది, ఎవరూ వాదించలేరు. పై విభాగంలో పద్దెనిమిది మంది పేరు ఇచ్చారు. అందులో కేటీఎం 200 డ్యూక్‌లు ఉన్నాయి, పల్సర్ 220లు ఉన్నాయి, ఎక్స్‌పల్స్ 200లు ఉన్నాయి. నాలుగేళ్లుగా మట్టి మీద బండి నడుపుతున్నవాళ్లు ఉన్నారు, ఆ రోజే మొదటిసారి మట్టి మీదకు దిగినవాళ్లూ ఉన్నారు. పద్దెనిమిది మందినీ ఒకే వరసలో నిలబెట్టి జెండా ఊపాం.

ఐదో రౌండులో జరిగింది. ఆఖరున వెళ్తున్న పందొమ్మిదేళ్ల అబ్బాయి మూడో మలుపు దగ్గరకు వచ్చేసరికి వెనక నుంచి ఒక రౌండు ఎక్కువ తిరిగి మొదటివాడు వచ్చేశాడు. ఆ మలుపులో దుమ్ము మనిషెత్తున లేచి ఉంది. ముందున్న అబ్బాయి వెనక శబ్దం విని బెదిరి లోపలి వైపు జరిగాడు. వెనకవాడు అదే క్షణంలో లోపలి వైపు నుంచి దాటబోయాడు. నేను పరుగెత్తుకు వెళ్లేసరికి ఆ అబ్బాయి ఎడమ చేతిని గుండెకు అదిమిపట్టుకుని కూర్చుని ఉన్నాడు. కాలర్ బోన్ విరిగింది. నా కళ్లు మాత్రం అతను పడిన చోటు మీదనే నిలిచిపోయాయి. మట్టిలో హెల్మెట్ గీసిన చార కనిపిస్తోంది. ఆ చార ఆగిన చోటికీ మేము సున్నం పూసిన రాయికీ మధ్య జానెడు ఎడం ఉంది.

ఆ సాయంత్రమంతా తప్పెవరిదని వాదన జరిగింది. వేగంగా వచ్చినవాడిదని కొందరు, దారికి అడ్డం వచ్చినవాడిదని కొందరు. మా నాన్న ఒక పక్కన కూర్చుని అంతా విన్నారు. ఆయన ఒంగోలు జాతి గిత్తలను మేపినవారు, బండలాగుడు పోటీలకు జతలను తీసుకెళ్లినవారు. చివరికి ఒక్క మాటన్నారు: "రెండు పళ్ల గిత్తను తెచ్చి ఆరు పళ్ల జత పక్కన కట్టారు. తప్పు గిత్తదంటారేమిటి?"

మా జిల్లాలో పుట్టినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. మిగతావారి కోసం చెప్తాను. బండలాగుడు పోటీల్లో ఎడ్లను పళ్లను బట్టి విభాగాలు చేస్తారు. దూడకు పాలపళ్లు ఉంటాయి. రెండేళ్లు దాటాక ముందు రెండు ఊడి పెద్ద పళ్లు వస్తాయి. ఆ తరువాత నాలుగు, ఆరు, ఇలా జతలు జతలుగా మారుతూ నాలుగేళ్లు దాటేసరికి నోరు నిండుతుంది. రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం, ఆ పైన జూనియర్లు, సీనియర్లు. ఎవరి బండ బరువు వారిదే. ఇందులో రెండు విషయాలు గమనించాలి. గిత్త ఎంత ఎత్తుంది, ఎంత ధర పలికింది అన్నది ఎవరికీ అక్కరలేదు. అది మోయగలిగే వయసును చూస్తారు. రెండోది, యజమాని మాట మీద ఎవరూ పోరు. నోరు తెరిచి పళ్లు చూస్తారు. ఎంత పెద్ద రైతు అయినా సరే, గిత్త నోరు తెరవవలసిందే.

మేము ఈ రెండూ చేయలేదు. కాగితం చూశాం, మనిషిని చూడలేదు. బండి లోపల ఏముందో అసలే చూడలేదు.

ఆ తరువాత మా క్లబ్బు మెకానిక్ బాబాయితో కలిసి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లాను. బాబాయ్ కుర్రతనంలో షోలవరం రేసులు చూసిన మనిషి. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే దారిలోనే షోలవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ రేసులు జరిగేవి. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాటిని నడిపింది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ కూడా ఆ క్లబ్బుదే. 1990 నుంచి రేసులు అక్కడికి మారాయి. మనవైపు నుంచి సరదాపడి వెళ్లినవాళ్లు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారని బాబాయ్ దారి పొడవునా చెప్తూనే ఉన్నారు.

అక్కడ నేను రేసు కన్నా రేసుకు ముందు జరిగేది ఎక్కువ చూశాను. ప్రతి బండినీ ఒక్కొక్కటిగా పరీక్షకు పెడుతున్నారు. కొత్తగా వచ్చినవారికి విడిగా నోవిస్ విభాగం ఉంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ బండ్లు అందరికీ ఇచ్చి నడిపించే పోటీలు వేరుగా ఉన్నాయి. అక్కడ బండి తేడా అంటూ ఉండదు కాబట్టి తేలేది మనిషి సత్తా. అలాంటిది మా బోటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. మా దగ్గరకు వచ్చే కుర్రాడు పొద్దున పాలు పోసి వచ్చిన బండితోనే పోటీకి దిగుతాడు. కానీ అక్కడి నుంచి ఒక అలవాటు తెచ్చుకున్నాం. పోటీకి ముందు ప్రతి ఒక్కరూ ఒంటరిగా ట్రాక్ తిరిగి రావాలి, ఆ సమయం రాసుకోవాలి. గ్రిడ్‌లో, అంటే పోటీ మొదలయ్యే వరసల్లో, ఎవరు ఎక్కడ నిలబడాలో ఆ సమయమే చెప్తుంది.

తిరిగి వచ్చాక మొదటి ఏడాది వీడియోలు ముందేసుకుని లెక్క వేశాను. మొదటివాడు ఒక రౌండుకు 52 సెకన్లు తీసుకుంటున్నాడు. కిందపడిన అబ్బాయి 68 సెకన్లు. ఇద్దరి మధ్య రౌండుకు 16 సెకన్ల తేడా. ఈ లెక్కన 221 సెకన్లకు, అంటే మూడు నిమిషాల నలభై సెకన్లు దాటగానే, మొదటివాడు ఒక రౌండు ఎక్కువ తిరిగి ఆఖరువాడి వీపు వెనకకు వచ్చేస్తాడు. అప్పటికి మొదటివాడు నాలుగు రౌండ్లు పూర్తిచేసి ఐదో రౌండులో ఉంటాడు. ప్రమాదం జరిగింది సరిగ్గా ఐదో రౌండులో. కాగితం మీద ఆ అంకె చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. అది దురదృష్టం కాదు. ఎనిమిది రౌండ్ల పోటీ అని మేము ప్రకటించిన రోజునే ఆ ఐదో రౌండు రాసిపెట్టి ఉంది.

అయితే లెక్కను తిరగేస్తే దారి కూడా కనిపిస్తుంది. ఫార్ములా వన్‌లో 107 శాతం నియమం ఒకటి ఉంది. అందరికన్నా వేగవంతుడి సమయానికి ఏడు శాతం మించి వెనకబడితే మామూలుగా గ్రిడ్‌లో చోటుండదు. మా వాళ్లకు అంత బిగువు పనికిరాదు కాబట్టి పదిహేను శాతం పెట్టుకున్నాం. 52 సెకన్లకు పదిహేను శాతం కలిపితే 60 సెకన్ల లోపు. 52 సెకన్లవాడు 60 సెకన్లవాడిని ఒక రౌండు తేడాతో అందుకోవాలంటే 390 సెకన్లు పడుతుంది, అంటే ఏడున్నర రౌండ్లు. మరి పోటీని ఏడు రౌండ్లకే ఆపితే? ఆఖరువాడిని మొదటివాడు వెనక నుంచి వచ్చి దాటే అవసరమే రాదు. ఒక్క రౌండు తగ్గించడం, బృందాన్ని సమయం ప్రకారం విడగొట్టడం, ఈ రెండింటితో మా ట్రాక్ మీద ఉన్న అతి పెద్ద ప్రమాదం పోయింది. దానికి రూపాయి ఖర్చు కాలేదు.

అలా మూడు బృందాలు చేశాం. 60 సెకన్ల లోపువాళ్లు మొదటి బృందం, 60 నుంచి 69 వరకు రెండోది, ఆ పైనవాళ్లందరూ మూడోది. బృందానికి ఎనిమిది మందికి మించరు. ఎక్కువైతే అదే బృందంలో రెండు పోటీలు. మొదటి మలుపు దగ్గర అందరూ ఒక్కసారిగా గుమిగూడతారు కాబట్టి అక్కడ ట్రాక్‌ను పన్నెండు మీటర్లకు వెడల్పు చేశాం.

ఇది చెప్పినంత తేలికగా జరగలేదు. "నాది నూట యాభై బండి అన్నా, రెండు వందల బండ్లతో ఎట్లా వేస్తావు?" అని దుకాణానికి వచ్చి నిలదీశారు. వారి కోపంలో న్యాయం ఉంది. 150 సీసీ పల్సర్ మీద అద్భుతంగా నడిపి 59 సెకన్లు తెచ్చుకున్నవాడు, 25 గుర్రాల శక్తి ఉన్న డ్యూక్ మీద ఏదో నడిపి 59 తెచ్చుకున్నవాడితో కలిసి పరుగెత్తాలి. ఇద్దరూ కలిసి వెళ్లడంలో ప్రమాదం లేదు, వేగం ఒకటే కాబట్టి. కానీ ఒకే కప్పు కోసం పోటీపడాలనడం అన్యాయం. ఈ ముడి విప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒక రాత్రి దుకాణం మూసేటప్పుడు తట్టింది. నేను రెండు ప్రశ్నలను కలిపి ఒకటిగా చూస్తున్నాను. ట్రాక్ మీద ఎవరు ఎవరితో తిరగాలన్నది భద్రత. ఎవరు ఎవరితో కప్పుకు పోటీపడాలన్నది న్యాయం. మొదటిదానికి సమయం కొలత, రెండోదానికి బండి కొలత. ఒకే పోటీలో కలిసి పరుగెత్తినా, 150 బండ్లలో ముందు వచ్చినవాడికి ఒక కప్పు, 200 బండ్లలో ముందు వచ్చినవాడికి ఒక కప్పు. నంబరు పలక రంగు మార్చాం. పసుపు పలకవాడు పసుపు పలకవాడినే చూసుకుంటాడు, తెల్ల పలకవాడు ముందుకు పోతే పోనిస్తాడు. దాంతో అనవసరపు మొండితనం కూడా తగ్గింది.

బండి కొలత అంటే సీసీ మాత్రమే చాలదని కూడా అప్పుడే తెలిసింది. డ్యూక్ 200, ఎక్స్‌పల్స్ 200 రెండూ దాదాపు 200 సీసీనే. మొదటిదానికి 25 గుర్రాల శక్తి ఉంటే రెండోదానికి సుమారు 18. ఇంకో వైపు యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. కాగితం మీద 98 సీసీ, 11 గుర్రాల శక్తి. కానీ బండి బరువు దాదాపు నూరు కిలోలే. పైగా టూ స్ట్రోక్, క్రాంక్ తిరిగిన ప్రతిసారీ మంట రగులుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే. అందుకే అంతర్జాతీయ మోటోక్రాస్‌లో 125 సీసీ టూ స్ట్రోక్‌ను 250 ఫోర్ స్ట్రోక్‌తోనూ, 250 టూ స్ట్రోక్‌ను 450 ఫోర్ స్ట్రోక్‌తోనూ కలిపి నడుపుతారు. మా ట్రాక్ మీద మంచి ఆర్‌ఎక్స్, నూట నలభై కిలోలు దాటిన 150 పల్సర్‌కు ఏ మాత్రం తీసిపోదు. ఆర్‌ఎక్స్‌లకు విడిగా ఒక కప్పు పెట్టాం. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి, అయినా మా జిల్లాలో దానికి ఉన్న గౌరవం వేరు. తండ్రి బండిని కొడుకు, మామ బండిని అల్లుడు నడుపుతుంటారు.

ఆ ఆర్‌ఎక్స్ కప్పు దగ్గరే రెండో ఏడాది మాకు పెద్ద పరీక్ష ఎదురైంది.

ముందు వచ్చిన బండి మీద ఫిర్యాదు వచ్చింది. లోపల 100 ఇంజిన్ కాదని. మా నియమం ప్రకారం ఫిర్యాదు చేసేవాడు రెండు వేల రూపాయలు డిపాజిట్ కట్టాలి. ఆరోపణ నిజమైతే డబ్బు తిరిగి ఇస్తాం, కాకపోతే ఇంజిన్ తెరిచినందుకు మార్చవలసిన అవతలివాడి గాస్కెట్‌కూ మెకానిక్ కూలికీ పోతుంది. ఊరికే నోరు పారేసుకునేవారు దీనితో తగ్గుతారు. ఈసారి ఫిర్యాదుదారు జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. బండి ఎవరిదంటే, క్లబ్బు మొదలుపెట్టిన నలుగురిలో ఒకడిది. వరసకు నాకు బావ. అతను నన్ను పక్కకు పిలిచి, "మన క్లబ్బు పరువు నువ్వే తీస్తావా బావా?" అన్నాడు. నాకు గొంతు ఎండిపోయింది. నాన్న దూరంగా సరుగుడు చెట్టు నీడలో నిలబడి ఇటే చూస్తున్నారు. "తెరవండి బాబాయ్" అన్నాను.

బండి చల్లారేదాకా ఆగి, బాబాయ్ దాన్ని టార్పాలిన్ మీద నిలబెట్టారు. ప్లగ్గు తీశారు. హెడ్ నట్లను ఒకదానికి ఎదురుగా ఒకటి చొప్పున వదులు చేశారు. హెడ్ పైకి లేవగానే మాడిన ఆయిలు వాసన వచ్చింది. పిస్టన్ తల మీద మసి, దాని చుట్టూ అద్దంలా మెరుస్తున్న సిలిండర్ గోడ. బాబాయ్ గుడ్డతో అంచు తుడిచి, వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్ దవడలను లోపలికి దించి తెరిచారు. చుట్టూ ముప్పై మంది ఉన్నా చప్పుడు లేదు. ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం కూడా 50. లెక్కవేస్తే 98 సీసీ. కాలిపర్ 58 చూపించింది. అది ఆర్‌ఎక్స్ 135 సిలిండర్. రెండింటికీ పిస్టన్ కదిలే దూరం ఒకటే కాబట్టి పైన సిలిండర్ మారిస్తే చాలు, బయటికి ఏ తేడా కనిపించదు. లోపల మాత్రం 132 సీసీ. బాబాయ్ కాలిపర్‌ను కదపకుండా పట్టుకుని ఫిర్యాదు చేసినవాడికి చూపించారు, తరువాత మా బావకు చూపించారు, చివరికి నాకు. ఒక్క మాట కూడా అనలేదు.

కప్పు రెండోవాడికి ఇచ్చాం. బావ ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. కానీ ఆ రోజు నుంచి విభాగాల గురించి వాదించడానికి దుకాణానికి వచ్చేవాళ్లు ఆగిపోయారు. సొంత మనిషి బండి తెరిచారంటే అందరి బండీ తెరుస్తారన్న నమ్మకం కుదిరింది. మేము రాసిన నియమాలన్నీ కలిసి ఆ నమ్మకాన్ని తేలేకపోయాయి.

బండిలో మోసం కన్నా మనిషిలో మోసం పట్టడం కష్టం. సమయం తీసే రోజున కావాలని నెమ్మదిగా తిరిగి కింది బృందంలో చేరి, పోటీలో విజృంభించేవాళ్లు తయారయ్యారు. నాలుగు పళ్ల గిత్తను రెండు పళ్ల విభాగంలో దించడమే ఇది. కప్పు పోతే పోయింది, వాడు తన కన్నా నెమ్మదైనవాళ్ల మధ్య నుంచి దూసుకుపోతాడు కదా, మళ్లీ మూడో మలుపే. అందుకని ప్రతి బృందానికీ కింది హద్దు పెట్టాం. రెండో బృందంలో ఎవరైనా పోటీలో 58 సెకన్ల కన్నా తక్కువకు రౌండు తిరిగితే ఆ ఫలితం చెల్లదు, ఆ తరువాత మొదటి బృందంలోనే నడపాలి. రెండు సెకన్ల వెసులుబాటు ఎందుకంటే, పక్కన మనిషి ఉంటే ఎవరైనా కాస్త వేగంగానే వెళ్తారు. దాన్ని మోసమనలేం. ఇంకో పని కూడా చేశాం. మూడో బృందంలో నగదు బహుమతి తీసేశాం. దాని బదులు మోకాలి కవచాలు, చేతి తొడుగులు ఇస్తున్నాం. డబ్బు లేని చోటికి దొంగ గిత్తలు రావు. నా మాట అడిగితే, కొత్తవాళ్ల విభాగంలో పదివేల బహుమతి పెట్టే ఏ నిర్వాహకుడైనా వాళ్లకు అపకారమే చేస్తున్నాడు.

సమయాలు తీయడంలో మేము చేసిన పొరపాటు ఒకటి ఉంది, చెప్పి తీరాలి. రెండో ఏడాది సగం మందికి పొద్దున ఏడింటికి, మిగతా సగానికి పదింటికి సమయం తీశాం. పొద్దున్నే నీళ్ల ట్యాంకరుతో తడిపిన ఎర్రనేల బిగిసి ఉంటుంది, టైరు పట్టు దొరుకుతుంది. పదింటికి పైపొర పొడి అయిపోయి బండి జారుతుంది. ఒకే మనిషికి ఆ రెండు వేళల మధ్య మూడు సెకన్ల దాకా తేడా వచ్చింది. ఆలస్యంగా తిరిగినవాళ్లంతా అన్యాయంగా కింది బృందాల్లో పడ్డారు. ఇప్పుడు ఎనిమిది మంది తిరగగానే ఆపి, మళ్లీ తడిపి, పావుగంట ఆగి తరువాతివాళ్లను పంపుతాం. ఇద్దరు విడివిడిగా స్టాప్‌వాచ్ పట్టుకుంటారు, ఒకరి అంకె ఒకరికి చెప్పకూడదు.

ఆడపిల్లలు ముగ్గురు వచ్చారు. వారికి విడిగా పోటీ పెట్టాలా అన్న చర్చ వచ్చింది. జాతీయ పోటీల్లో అమ్మాయిలకు విడి విభాగం ఉంది, ఎక్కువమంది వస్తే మేమూ పెడతాం. ముగ్గురితో పోటీ ఏమిటని వాళ్లే అన్నారు. సమయాన్ని బట్టి బృందాల్లో కలిపాం. ఒకమ్మాయి 59 సెకన్లతో మొదటి బృందంలోకి వెళ్లింది. పద్దెనిమిదేళ్లు నిండనివారిని మాత్రం తీసుకోము, తల్లిదండ్రులు వెంట వచ్చి అడిగినా సరే.

బండి పరీక్షకు ఇప్పుడు ఒక పూట కేటాయిస్తున్నాం. అద్దాలు, సైడ్ స్టాండు తీసేయాలి. పక్క స్టాండు ఉంటే ఎడమ మలుపులో అది మట్టిలో గుచ్చుకుని మనిషిని గాలిలోకి లేపుతుంది. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే తనంతట తాను వెనక్కు రావాలి. ఇంజిన్ ఆయిలు బోల్టుకు సన్నని తీగ కట్టి ఉండాలి. బ్రేకు లివర్ చివర గుండు ఉండాలి. ఆ గుండు విరిగిపోయిన లివర్, మనిషి పడినప్పుడు కత్తిలా దిగుతుంది. ఇక హెల్మెట్. ఐఎస్ఐ గుర్తు లేనిది, గడ్డం కప్పనిది, రెండు రింగుల పట్టీ లేనిది మేము ఒప్పుకోము. తలకు పెట్టించి, పట్టీ బిగించి, వెనక నుంచి పైకి తోసి చూస్తాం. ఊడి వస్తే ఇక మాటల్లేవు. ఒకసారి కనిగిరి నుంచి తెల్లవారుజామునే బయలుదేరి వచ్చిన అబ్బాయి హెల్మెట్ అలాగే ఊడి వచ్చింది. నిలబడి ఏడ్చాడు. అప్పటి నుంచి నా దుకాణం తరఫున మూడు సైజుల్లో ఆరు హెల్మెట్లు తెచ్చి ఉంచుతున్నాను.

రాళ్ల చోట ఇప్పుడు వరిగడ్డి మోపులు, వాటి వెనక పాత టైర్లు ఉన్నాయి. గీతలకు సున్నం వాడటం మానేశాం, కళ్లలో పడితే ప్రమాదమని. ముగ్గుపిండి చల్లుతున్నాం. ఆరు చోట్ల జెండాలవాళ్లు ఉంటారు. ఒకరికి పక్కవారు తప్పకుండా కనిపించాలి. పసుపు జెండా ఊపితే ఎవరూ ఎవరినీ దాటకూడదు, ఎర్ర జెండా అయితే పోటీ ఆగిపోవాలి. అంబులెన్సు ట్రాక్ దగ్గర లేకపోతే ఒక్క బండి కూడా కదలదు. ఎవరినైనా ఒంగోలు తీసుకెళ్లడానికి అది వెళ్లిందా, తిరిగి వచ్చేదాకా అందరం కూర్చుని ఉంటాం.

మూడో ఏడాది ఆ కాలర్ బోన్ విరిగిన అబ్బాయి మళ్లీ వచ్చాడు. వాళ్ల నాన్న కూడా వెంట వచ్చారు. మొదటి ఏడాది ఆసుపత్రి వరండాలో ఆయన నన్ను ఏమీ అనలేదు, తలెత్తి చూడనూ లేదు. అబ్బాయి సమయం 70.4 సెకన్లు వచ్చింది. రెండో బృందానికి కొద్దిలో తప్పింది. "ఒక్కసారి మళ్లీ తిరుగుతాను అన్నా" అని బతిమాలాడు. కుదరదన్నాను. బృందాల కాగితం చెట్టుకు అంటించగానే ఆయన దగ్గరకు వచ్చి కళ్లజోడు పెట్టుకున్నారు. మూడో బృందంలో కొడుకు పేరు మీద వేలు పెట్టి, మిగతా ఏడుగురి సమయాలనూ పైనుంచి కిందికి ఒక్కొక్కటే చదివారు. 70, 71, 71, 73. చివరి అంకె 77 దగ్గర వేలు కాసేపు ఆగింది. ఎన్ని రౌండ్లని అడిగారు. ఏడన్నాను. ఆయన తలాడించి, కళ్లజోడు జేబులో పెట్టుకుని, మూడో మలుపు దగ్గర గడ్డిమోపుల వెనకకు వెళ్లి నిలబడ్డారు.